గెయిన్ తగ్గించాక

2020 జూన్ 28, ఆదివారం

అడాజన్ ఫ్లాట్‌లో ఒక్కదాన్నే, లాక్‌డౌన్ మొదలయ్యాక తొంభై ఏడో రోజు. నాన్నకి షుగర్. క్లినిక్ నుంచి ఏం మోసుకెళ్తానో అని ఇంటికి వెళ్లడం మానేశాను. నేను స్కాన్‌లు చేసే క్లినిక్ ఉన్నది వాళ్లుండే భేస్తాన్‌లోనే. అక్కణ్నుంచి అమ్మావాళ్ల గల్లీకి నడిస్తే అయిదు నిమిషాలు. ఏం వండుకున్నవని అమ్మ రోజూ ఫోన్‌లో అడుగుతుంది. ఈరోజు అబద్ధం చెప్పాను.

జూలై 3, శుక్రవారం

ఏసీ వద్దన్నారు. కిటికీలన్నీ తెరిచి స్కాన్ చేస్తున్నాను. ఆ వెలుతురుకి స్క్రీన్ వెలవెలబోతోంది. బొమ్మ వెలుగు పెంచే గెయిన్ మీట పెంచుకుంటూ పోతున్నాను. ఫేస్ షీల్డ్ మీద ఆవిరి ఒకటి.

వినోద అనే అమ్మాయి వచ్చింది. భర్త పరమేశ్ ఇక్కడ లూమ్, అదే మరమగ్గం, నడుపుతాడు. జగిత్యాల వైపు వాళ్లు. నెల తప్పి రెండు వారాలు, కుడివైపు నొప్పి. ఈ గుజరాతీ ఊళ్లో నేను తెలుగులో మాట్లాడేసరికి కళ్లు పెద్దవి చేసింది. మా నాన్నదీ లూమ్ పనేనని చెప్పాను.

గర్భసంచిలో ఏమీ కనపడలేదు. చుట్టూ నీరుగానీ రక్తంగానీ లేవని రాశాను. గర్భం కనపడ్డానికి ఇంకా తొందరేమో, పది రోజులకి రమ్మన్నాను.

జూలై 4, శనివారం, ఉదయం 11

వాన. అటెండర్ కనకవ్వ కిటికీలు మూసింది. గది చీకటైంది.

ఒక పెద్దాయన మూత్రాశయం చూస్తున్నాను. నిండుగా ఉంది, స్క్రీన్ మీద నల్లగా కనపడాలి. బూడిద రంగులో ఉంది. గెయిన్ తగ్గించాను. నల్లబడింది. నిన్నంతా గెయిన్ పెంచి ఇలాగే చూశానా, నీరున్నా కనపడకుండా?

నిన్న సేవ్ చేసిన వినోద స్కాన్ బొమ్మలు తెరిచాను. గర్భసంచి వెనక అంతా ఒకటే బూడిద. పేగులా, రక్తమా తెలియదు. ఈ పాత మిషన్‌లో సేవ్ చేసిన బొమ్మకి గెయిన్ తగ్గించలేం.

ఫారమ్‌లో ఉన్నది పరమేశ్ నంబరు. ఎత్తడం లేదు. లూమ్ చప్పుడులో వినపడదు.

అదే రోజు, సాయంత్రం 5

ఫారమ్‌లో అడ్రస్ చూసుకుని నేనే వెళ్లాను. వినోద గదిలో గోడవైపు ముడుచుకుని పడుకుంది. ఏం లేదని మీరే అంటిరి గద మేడం, గందుకే ఓర్చుకున్న అంది.

ఆటోలో తీసుకొచ్చాను. గెయిన్ తగ్గించాను. డెప్త్ తగ్గించాను. ఫోకస్ గర్భసంచి వెనక్కి దించాను. నల్లగా రక్తం. కుడి ట్యూబులో చిన్న ఉంగరంలాంటిది. గర్భం సంచిలో కాక అక్కడ నిలిచింది.

పెద్దాసుపత్రికి అంబులెన్స్‌లో నేనూ వెళ్లాను. నన్ను గేటు దగ్గరే ఆపేశారు. వానలో నిలబడ్డాను. ఎవరికి ఫోన్ చేయాలో తోచలేదు.

జూలై 5, ఆదివారం

బతికింది. ట్యూబు తీసేశారు.

జూలై 9, గురువారం

వినోదని ఇంటికి పంపారని పరమేశ్ ఫోన్ చేశాడు. మీ పున్నెమే మేడం, మీరు రాకుంటే నా పెండ్లాం దక్కకపోతుండె అన్నాడు.

ఊరుకుంటే అయిపోయేది. ఊరుకోలేకపోయాను. మొదటి రోజు నేను సరిగ్గా చూడలేదు, మిషన్ సరిచేసుకోలేదు, ఒక రోజు వృథాగా పోయింది అని చెప్పాను. ఫోన్‌లో లూమ్ చప్పుడు దూరమైంది. గా ముచ్చట ఆమెకు మీరే చెప్పున్రి, నాతోని కాదు అన్నాడు.

అమ్మకి చెబుదామనుకున్నాను. ఏం వండుకున్నవంది. పప్పు అన్నాను.

జూలై 18, శనివారం

వినోద చూపించుకోవడానికి వచ్చింది. కుట్లు మానుతున్నాయి. చెప్పాను. మొదటి రోజు నేను చేసిన తప్పంతా. తల వంచుకుని వింది. ముందు దినమే తెలిస్తే ట్యూబు ఉంటుండెనా అని అడిగింది. ఉండేదేమో, నాకు తెలియదు అన్నాను. పొట్ట మీది స్కాన్ జెల్ తనే తుడుచుకుంది. వెళ్లిపోయింది.

జూలై 22, బుధవారం

పద్నాలుగు స్కాన్‌లు. ప్రతి ఒక్కరినీ రెండుసార్లు చూశాను. కనకవ్వ తప్ప ఎవరూ నా పేరు పిలవలేదు.

జూలై 30, గురువారం

వినోద వచ్చింది. స్కాన్ వద్దంది. మీ మొకం ఎట్లుంటదో ఒక్కసారి సూద్దామని వచ్చిన అంది.

గది అవతలి చివరకి వెళ్లి నిలబడి షీల్డ్, మాస్క్ తీశాను. చాలాసేపు చూసింది. తర్వాత తన మాస్కూ కిందికి దించింది.