ఒక్క ఇంజన్ విమానం

మార్చి 3
ఈ బ్రిగేడ్‌లో బుర్ర ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఆ మాట రాసుకోవడానికే ఈ నోట్‌బుక్ కొన్నాను.

ఉన్నవి రెండు స్క్వాడ్రన్లు. హెవీ వాళ్లవి రెండు ఇంజన్ల బరువు విమానాలు. మావి ఒక్క ఇంజన్ తేలిక విమానాలు. 20న జనరల్ వస్తున్నాడు. మమ్మల్ని ఉంచాలా, రద్దు చేసి మా షెడ్లు కూడా వాళ్లకే ఇవ్వాలా అన్నది ఆ రోజు తేలుతుంది. క్యాంటీన్‌లో మాత్రం ఇప్పుడే తేలిపోయింది. హెవీ స్క్వాడ్రన్ మెకానిక్ దూ నా ప్లేటులోంచి ఆవిరి రొట్టె, మాంటౌ, లాక్కుని, ఒరే యెన్, మావి లారీలు, మీవి సైకిళ్లు, సైకిలుకి షెడ్డెందుకురా అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దది కనిపిస్తే నోరు తెరిచే జాతి.

మార్చి 5
విమానాల మీద పద్నాలుగు చిన్న పుస్తకాలు చదివాను. ఇక్కడ అట్ట తిప్పి చూసినవాడు కూడా లేడు. బరువు విమానం దూరం వెళ్తుంది, ఎక్కువ మోస్తుంది. అది ఒకసారి సిద్ధమయ్యేలోపు తేలికది రెండుసార్లు లేస్తుంది. సముద్రం అవతలికి అది, మన నెత్తిమీది ఆకాశానికి ఇది. అన్నీ బరువువే అయితే లెక్కకి చాలవు, అన్నీ తేలికవే అయితే దూరం పోలేవు. పసిపిల్లాడికి అర్థమయ్యే మాట.

దీన్నే ముప్ఫై ఒక్క పేజీలు రాసి పార్టీ తరఫు రాజకీయ అధికారి షెన్‌కి ఇచ్చాను. అక్షరాలు బాగున్నాయోయ్ అన్నాడు. దానిమీద టీ ఫ్లాస్కు పెట్టాడు.

మార్చి 8
నాకు పని నేర్పే మాస్టర్ ఖ్వాంగ్. హునాన్ మనిషి, మిరపకాయలోకి మిరపకాయ నంజుకుంటాడు. ఇరవై రెండేళ్లుగా ఇవే విమానాలు. డ్యూటీ బట్టల జేబులన్నీ నల్లదారంతో కుట్టేసుకున్నాడు. ఈ గోబీ ఎడారి చలిలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగలా నిలబడతాడు. పని మొదలుపెట్టేముందు పనిముట్లు లెక్కపెడతాడు, అయ్యాక మళ్లీ లెక్కపెడతాడు. అరవై రెండు. నలభై మూడేళ్ల మనిషి జీవితమంతా అరవై రెండు.

స్క్వాడ్రన్ పోతే ఆయన ఉద్యోగమూ పోతుంది. ఈ వయసులో కొత్త విమానం ఎవరూ నేర్పరు. జనరల్‌తో గట్టిగా మాట్లాడండి అన్నాను. మాట్లాడాల్సింది విమానం అబ్బాయ్, నువ్వు లెక్కపెట్టు అన్నాడు. ఇలాంటివాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మార్చి 12
షెన్ ఇంకా చదవలేదు. మొదటి పేజీ మీద ఫ్లాస్కు మరక గుండ్రంగా ఉంది.

మార్చి 15
రిహార్సల్. దిగిన నాలుగు విమానాలకీ ఇంధనం, ఆయుధాలు ఎక్కించి ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో మళ్లీ లేపాం. లారీలు నేలమీదే ఉన్నాయి.

టైములు బొటనవేలంత పెన్సిల్‌తో రాసుకుంటుంటే మాస్టర్ చూశాడు. అదెక్కడ పెట్టుకుంటావు అన్నాడు. పై జేబులో అన్నాను. తీసెయ్ అన్నాడు. ఇది పనిముట్టు కాదు మాస్టర్, మీ అరవై రెండులో లేదు అన్నాను. అందుకే అన్నాడు. నవ్వొచ్చింది.

దూ ఒప్పుకోడు. మాకు ఒకటి ఆగితే ఇంకోటి ఇంటికి తెస్తుంది, మీకు ఆగితే ఎవడు తెస్తాడురా అన్నాడు. తన చేతిపని మీద నమ్మకం లేనివాడికే రెండో ఇంజన్ కావాలి అన్నాను.

మార్చి 20, సాయంత్రం 5
ఇది షెన్ పెన్ను. తప్పు ఒప్పుకుంటూ ఆరు పేజీలు రాయమని ఇచ్చాడు. ముందు ఇది రాస్తాను.

నాలుగూ దిగాయి. మూడో నంబరు విమానానికి ఇంజన్ ముందుండే గాలి గొట్టంలోకి పాకి ఫ్యాన్ రెక్కలు చూసి వచ్చింది నేనే. ముప్ఫై మూడు నిమిషాలు. పనిముట్లు అరవై రెండు. అవతల దూ ముఖం గాలి తీసిన టైరు. ముప్ఫై మూడు అని రాసుకుందామని జేబులో చెయ్యి పెట్టాను.

లేదు.

ఏ జాబితాలోనూ లేని పెన్సిల్. ఎవరూ అడగరు. మూడో నంబరు పైలట్ లాన్ హెల్మెట్ బిగించుకుని నాకు తల ఊపింది. ఆమె వెనక ఉన్నది ఒక్క ఇంజన్, పెన్సిల్ ముక్క మింగినా దాని రెక్కలు విరుగుతాయి. గడ్డిలో పడి ఉంటుందిలే అనుకున్నాను. మాస్టర్ నా జేబు వైపే చూస్తున్నాడు. నేను నోరు మూసుకుంటే ఆయన ఉద్యోగం ఉంటుంది. అది ఆయనకీ తెలుసు.

మాస్టర్, పెన్సిల్ అన్నాను.

నా మాట పూర్తికాకముందే రెండు చేతులూ తలపైన అడ్డంగా ఎత్తాడు. నాలుగు విమానాలూ ఆగాయి. జనరల్ వాచీ చూసుకున్నాడు. సైకిళ్ల దగ్గర ఏదో పంచరయినట్టుంది అన్నాడట. లారీలు లేవడం చూడ్డానికి వెళ్లిపోయాడు.

మార్చి 21
దొరికింది. మూడో నంబరు గాలి గొట్టంలో, ఫ్యాన్‌కి మూరెడు దూరంలో. మాస్టర్ దాన్ని పనిముట్ల పలక మీద చివర పెట్టి, అరవై మూడు అన్నాడు. అంతే.

దూ వచ్చాడు. తన మాంటౌ నా ప్లేటులో పెట్టి వెళ్లాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 30
స్క్వాడ్రన్ రద్దు. నన్ను హెవీకి వేశారు. మాస్టర్‌కి ఆరో తేదీ ఇంటికి రైలు.

షెన్ ఇవాళ నా ముప్ఫై ఒక్క పేజీలూ చదివాడు. అంతా సరిగ్గానే ఉందోయ్, ఒక్క తప్పూ లేదు అన్నాడు. కాగితాలు వెనక్కి అడిగి తెచ్చుకున్నాను. ఒక్క తప్పూ లేదట.

ఏప్రిల్ 7
మాస్టర్ నల్లదారం ఉండ నా మంచం మీద పెట్టి వెళ్లాడు. నాలుగు జేబులూ కుట్టేశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.