వాగు ఒడ్డున నీ గోంగూర చెక్క

ఏమే రాజరత్నం, నేను బాగానే ఉన్నాను, దిగులు పెట్టుకోకు. ఉత్తరం ఎందుకంటావేమో, ఫోనులో అడిగితే పక్కన అల్లుడు వింటాడు.

మన ఊరి కుర్రాళ్లు వాగులో సర్కారు కంప పీకి, పూడిక తీసి, అడ్డంగా రాళ్లకట్ట వేశారు. మొన్నటి వానకు నీళ్లు నిలిచాయి. కానీ ఒడ్డు విరిగి మన చేలో మట్టి వాగులోకి జారింది. ఆ కుర్రాళ్లలో ఒకడు, బ్రహ్మానందం కొడుకు పవన్ వచ్చి, "తాతా, ఒడ్డెమ్మట ఆ చెక్క నేల దున్నకుండా వదిలెయ్. గడ్డి, కానుగ మొక్కలు పెడితే మట్టి ఆగుద్ది" అన్నాడు. అది నీ గోంగూర చెక్క.

"ఒరేయ్, ఆ పొలం మీ నాయనమ్మకు పుట్టింటోళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చింది. నన్నడిగితే ఏందిరా?" అన్నాను.

"అయితే నాయనమ్మనే అడుగు."

"నా పెళ్లాన్ని ఏం అడగాలో నువ్వు చెప్తావా?" అని తరిమేశాను. తరిమాను గానీ వాడు చెప్పింది నిజం. ఇంకో పెద్ద వానొస్తే ఆ చెక్క ఎట్లాగూ మిగలదు. అందుకే అడుగుతున్నాను, వదిలేద్దామా? నీ మాట వచ్చేదాకా అక్కడ నాగలి పెట్టను, మొక్కా నాటనివ్వను. గోంగూర కాయలు ఎండబెట్టి విత్తనం దాచాను. నువ్వు సరేనంటే ఇంటి వెనక పంపు దగ్గర చల్లుతాను.

చింతపండు జాడీ ఎక్కడ పెట్టావు? పక్కింటి నాగవల్లిని అడగాలంటే నామోషీగా ఉంది. నిన్న గోంగూర వండుకున్నాను, నీలాగా కుదరలేదు.

దేవికకు, పసిబిడ్డకు నా దీవెనలు. అల్లుణ్ణి అడిగానని చెప్పు. జవాబు రాయనక్కర్లేదు. బిడ్డకు నెల వెళ్లాక నువ్వే వచ్చి, ఒడ్డు చూసి, నోటితో చెప్పు.

వెంకట్రామయ్య