జాలి లేని బండి

ప్రియమైన కోడలు పిల్లకి,

నేను ఇక్కడ కుట్టుకుంటూ ఉన్నాను. నువ్వు, నీ కుక్కలు రెండూ బాగున్నారనుకుంటా. తాతకి వెనక కాలు ఎలా ఉంది? నల్లది తింటోందా?

ఫోన్లో అడుగుదామంటే "ఎక్స్‌రేకి జనం లైన్లో ఉన్నారు, తర్వాత చెప్తా అత్తయ్యా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా. అందుకే రాస్తున్నా. నాలుగో తరగతి చదువు నాది, తప్పులుంటే నువ్వే దిద్దుకో.

నువ్వు బండి కొంటున్నావని నాకు నువ్వు చెప్పలేదు. మా సీటు కవర్ల షాపు మేస్త్రి చెప్పాడు. ఎవరో మెకానిక్ ఆయనకి ఫోన్ చేసి, మీ వైపు పాత వ్యానులేమైనా ఉన్నాయా, ఒకావిడకి నాలుగు రోజుల ప్రయాణానికి కావాలి అన్నాడంట. ఎవరా అని ఆరా తీస్తే నువ్వు. చెప్పి ఊరుకున్నాడా మేస్త్రి? "ఒక ఆడమనిషికీ రెండు కుక్కలకీ వ్యాను దేనికమ్మా" అని నవ్వాడు. నేను తల దించుకుని కుట్టుకున్నా. కుట్టు వంకర పోయింది, మొత్తం విప్పాల్సొచ్చింది.

నాలుగు రోజుల దూరం అంటే చూసి రావడానికి కాదు, ఉండిపోవడానికి. నా కొడుకు పోయి ఇంకా తొమ్మిది నెలలు నిండలేదు. వాడి బట్టలు ఇచ్చావు, వాడి చెప్పులు ఇచ్చావు. కుక్కల్ని మాత్రం ఇవ్వలేదు. పోనీ తాతని నువ్వు ఉంచుకో, నల్లదాన్ని నాకివ్వు అని మూడుసార్లు అడిగా. ఆ రోజు బండిలో వాడితో ఉన్నది అదొక్కటే. వాణ్ణి చివర్న చూసిన కళ్ళు దానివి. నా ఇంట్లో ఒక మూల పడుంటే చాలు నాకు. అడిగిన ప్రతిసారీ నువ్వు మాట తప్పించావు.

ఇంకోటి కూడా తప్పిస్తున్నావు. "బండి రోడ్డు దిగి కల్వర్టు గోడకి కొట్టుకుంది" అన్నావు, అంతే. పదిహేనేళ్ళు బండి నడిపినవాడు, తిన్నటి రోడ్డు మీద, పట్టపగలు, ఎందుకు దిగాడు? తల్లిని, నాకు తెలియకూడని సంగతి ఏముంటుంది?

వెంటనే జవాబు రాయి.

ఇట్లు,
అత్తయ్య

*

ప్రియమైన అత్తయ్యకి,

మీ ఉత్తరం అందింది. బండి సంగతి కుదిరాక చెబుదామనుకున్నా, ఈలోపు మేస్త్రిగారు చెప్పేశారు.

నన్ను కొత్త ఆసుపత్రికి వేశారు. వెళ్ళక తప్పదు. రైల్లో కుక్కల్ని సామాన్ల పెట్టెలో వేస్తారు, నేనొక చోట, అవి ఒక చోట. తాతకి పద్నాలుగేళ్ళు. ఆ చీకట్లో ఆ మోతకి దిగేసరికి ఉండడు. అందుకే రోడ్డు మీద పోదామనుకున్నా.

బండి ఎంచుకోవడం ఇంత కష్టమని తెలియదు. మొదట జీపు చూశా. ఎత్తు. తాత ఎక్కలేడు, ముప్ఫై ఎనిమిది కిలోల వాణ్ణి రోజుకి పదిసార్లు నేను ఎత్తలేను. కారు చూశా. వెనక ఇద్దరూ పడుకుంటే ఒకళ్ళ మీద ఒకళ్ళు, పైగా అద్దంలోంచి ఎండ. పాత అంబులెన్స్ ఒకటి చవగ్గా వస్తుందన్నారు. తలుపు తీసి చూసి మళ్ళీ వేసేశా. ఎందుకో మీకు వేరే చెప్పక్కర్లేదు.

చివరికి ఒక బేకరీ వ్యాను దొరికింది. పక్కకి జరిగే తలుపు. నేల మోకాలి ఎత్తే, తాత తనే కాలు పెట్టి ఎక్కాడు. ఎక్కి అరగంట నేలంతా నాకాడు, ఎప్పటి రొట్టె వాసనో. కిటికీలు లేవని మెకానిక్ పైన గాలి తిరిగే ఫ్యాను బిగిస్తున్నాడు. ఇంజను ముందు సీట్ల కింద ఉంది. గంటసేపు తిప్పి నేల మీద చెయ్యి పెట్టి చూశా, కాలుతోంది. కాబట్టి కుక్కలు వెనకే ఉండాలి, కింద మందంగా ఏదైనా ఉండాలి. జారని గుడ్డతో మీరొక పరుపు కుట్టిస్తారా? ఇక్కడివాళ్ళు కుట్టింది తాత కాలి కింద జారిపోతోంది.

దారిలో మూసిన బండిలో వాటిని వదిలి దిగడానికి లేదు, పది నిమిషాల్లో కొలిమైపోతుంది. ఒకరు దిగితే ఒకరు ఉండాలి. అందుకని ఇద్దరం వెళ్తున్నాం.

మీరు అడిగిన మిగతాది తర్వాత రాస్తాను.

మీ కోడలు

*

ప్రియమైన కోడలు పిల్లకి,

ఉత్తరంలో కూడా "తర్వాత" అన్నావు. శభాష్.

తాత నేల నాకింది రాశావు. నేల కాలింది రాశావు. ఫ్యాను రాశావు. నేనడిగిన ఒక్క ముక్క తప్ప అన్నీ రాశావు. ఇరవై రెండేళ్ళుగా సీట్లు విప్పి కుడుతున్నా అమ్మా. ఏ సీట్లో ఎవరు ఎక్కువ కూర్చున్నారో, ఎవరు ఎటు ఒరిగారో స్పాంజి నొక్కి చూస్తే చెప్పగలను. నీ ఉత్తరం కూడా అలాగే ఉంది. ఒకచోట బాగా గుంట పడింది, దాని మీద కొత్త కవరు తొడిగావు.

ఇద్దరం వెళ్తున్నాం అన్నావు. ఆ రెండో మనిషి ఎవరు? మామూలు మనిషైతే ఫలానా అని రాసేదానివి. మేస్త్రికి చూపిస్తే "ఆ మెకానిక్‌కి పెళ్ళయిందా లేదా కనుక్కోండి" అన్నాడు. "నీ పని నువ్వు చూసుకో" అన్నాను. అన్నానే గాని ఆ మాట లోపల అలాగే ఉండిపోయింది. నువ్వు చిన్నదానివి, జీవితమంతా ఉంది, నేను కాదనను. కానీ కొత్త మనిషి పక్కన కూర్చుంటే నా కొడుకు కుక్కలు ఎన్నాళ్ళుంటాయి? దారిలో ఎక్కడో దించేస్తే నాకు ఎవరు చెప్తారు?

కొలతలు పంపు. కుట్టనని అనలేదు.

అత్తయ్య

*

ప్రియమైన అత్తయ్యకి,

కొలతలు వెనక రాశాను. చక్రం గూడు దగ్గర గుండ్రంగా తగ్గించాలి.

రెండో మనిషి మా ఆసుపత్రి నర్సమ్మ. ఆవిడ అక్క అక్కడే ఉంటుంది. రాయలేదు ఎందుకంటే మీరిలా అనుకుంటారని నాకు తట్టలేదు. మెకానిక్‌కి అరవై దాటాయి, పై పళ్ళు కట్టుడువి, నాతో కంటే వ్యానుతోనే ఎక్కువ మాట్లాడతాడు. మేస్త్రిగారికి చెప్పండి.

మెకానిక్‌తో ఒక్క విషయంలోనే గొడవ. జాలి దేనికమ్మా, అవి నిన్ను దాటి ఎక్కడికి పోతాయి అంటాడు. నేను వినలేదు. జాలి అక్కర్లేదని మేం ఒకసారి అనుకున్నాం, ఏమైందో చూశాం. ఆ తప్పు మళ్ళీ చెయ్యను.

పరుపు త్వరగా కావాలి. రెండు వారాల్లో బయల్దేరాలి.

మీ కోడలు

*

కోడలికి,

ఈసారి పైన ప్రియమైన అని రాయలేకపోతున్నా.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. నేను తప్పు చదివానేమో అని మేస్త్రికిచ్చి పైకి చదవమన్నా. ఆయనా అదే చదివాడు. ఈసారి నవ్వలేదు.

"జాలి అక్కర్లేదని మేం ఒకసారి అనుకున్నాం, ఏమైందో చూశాం." ఎవరి మీద జాలి అక్కర్లేదనుకున్నారు? మేం అంటే ఎవరెవరు? నా కొడుకు మీద జాలి లేకపోయింది ఎవరికి? ఇన్నాళ్ళూ నువ్వు దాచింది ఇదేనా? మెకానిక్‌తో చెప్పుకుంటావు, నాతో చెప్పవు.

పరుపు సగం కుట్టాను. మిషను మీద అలాగే వదిలేశా. నిజం రాస్తే కుడతా. రాయకపోతే నేనే బస్సెక్కి వచ్చి మీ ఎక్స్‌రే లైన్లో కూర్చుంటా. నా వంతు వచ్చేదాకా కూర్చుంటా.

నీ అత్త

*

ప్రియమైన అత్తయ్యకి,

జాలి కాదు, జాలీ. తొందరలో దీర్ఘం పెట్టడం మర్చిపోయాను. ముందు సీట్లకీ వెనక భాగానికీ మధ్య బిగించే ఇనుప వల అది. కుక్కలు డ్రైవరు మీదికి రాకుండా అడ్డం. మెకానిక్ వద్దన్నది దాన్నే.

ఇక్కడితో ఆపేసి, దీర్ఘం పోయిందని ఇద్దరం నవ్వుకుని ఊరుకోవచ్చు. పొద్దున రాసిన ఉత్తరం అలాగే రాశాను కూడా. చింపేశాను. మీరు "మేం అంటే ఎవరెవరు" అని అడిగారు. దానికి జవాబు ఇవ్వకపోతే రేపు ఇంకెవరో ఇస్తారు.

మా పాత బండిలో జాలీ ఉండేది. కిందటేడు మీరు వచ్చినప్పుడు అందరం కలిసి వెళ్తున్నాం, నల్లది ఆ కమ్మీలకి ముక్కు ఆనించి దారంతా ఏడ్చింది. "జైల్లో పెట్టావేంట్రా దాన్ని, నీ పక్కన కూర్చోవాలని ఏడుస్తోంది, ఆ కమ్మీలు పీకెయ్" అన్నారు మీరు. ఆయన ఆ సాయంత్రమే విప్పేశారు. నేను వద్దనలేదు అత్తయ్యా. పానా అందించింది నేనే. మేం అంటే ముగ్గురం.

ప్రమాదం రోజు రోడ్డు పక్కన కంచె బాగుచేస్తున్న ఒకాయన చూశాడు. నల్లది వెనక నుంచి ముందుకొచ్చి మీ అబ్బాయి ఒళ్ళోకి ఎక్కింది. స్టీరింగుకీ ఆయనకీ మధ్య ఇరుక్కుంది. దాన్ని పక్కకి తొయ్యబోయారు. అంతే.

నాకిది మొదటి రోజే తెలుసు. మీకు చెప్తే నల్లదాన్ని చూడలేరు, లేకపోతే మిమ్మల్ని మీరే చూసుకోలేరు. రెండూ జరుగుతాయేమోనని దాచాను. దాన్ని మీకివ్వనిది కూడా అందుకే. మీ ఇంట్లో పెరుగుతుండగా ఒకరోజు ఎవరో వచ్చి చెప్తే దాని గతేమిటి, మీ గతేమిటి?

వచ్చే ఆదివారం బయల్దేరుతున్నాం. మీ ఊరు దారిలోనే. ఆగమంటే ఆగుతాను. మీ దగ్గర నుంచి ఏమీ రాకపోతే ఆగకుండా వెళ్ళిపోతాను, తప్పు పట్టను.

మీ కోడలు

*

కోడలు పిల్లకి,

పరుపు అయింది. పంపను. వచ్చి తీసుకెళ్ళు. నల్లదాన్ని దించాలి.

అత్తయ్య

*

ప్రియమైన కోడలు పిల్లకి,

ఈ ఉత్తరం కొత్త ఇంటికే రాస్తున్నా. నర్సమ్మ చీటీ మీద రాసిచ్చిన అడ్రసు చూసి ఒక్కో అక్షరం దించా.

ప్రయాణం బాగా జరిగిందనుకుంటా. తాతని ఎత్తాల్సి రాలేదుగా?

నీతో ఒకటి చెప్పాలి. ఎదురుగా ఉన్నప్పుడు నోరు రాలేదు. మీరు వచ్చి షాపు ముందు ఆగినప్పుడు నా చేతిలో ఇనుప కొలబద్ద ఉంది చూశావా? పరుపు కొలవడానికి అనుకుని ఉంటావు. కాదు. నల్లదాన్ని దించమన్నది కొట్టడానికే. మూడు రోజులు పనికి పోకుండా మంచం మీద పడుకుని అదొక్కటే అనుకున్నా. ఒక్క దెబ్బ కొడతా, తర్వాత ఏమైతే అదవుతుంది. ఇన్నాళ్ళూ నిన్ను అనుమానించా, ఎందుకివ్వదు, ఏం దాస్తోంది అని. నువ్వు నన్ను అనుమానించింది మాత్రం ముమ్మాటికీ నిజమైంది.

నువ్వు లోపల పరుపు పరుస్తున్నావు. నర్సమ్మ తాతకి నీళ్ళు పడుతోంది. మేస్త్రి పరుపు అంచు పట్టుకుని నీకు సలహాలు చెప్తున్నాడు. నల్లది దిగీ దిగగానే బండి కిందకి దూరింది. నేను వంగి చూశా. చక్రానికి ఆనుకుని, చెవులు వెనక్కి పెట్టి, నేలకి అంటుకుపోయింది. నన్ను చూడగానే దాని కింద తడి అయింది. నేను కొలబద్ద ఇంకా ఎత్తనే లేదు. అంతకుముందు నా చెయ్యి చూసి గంతులేసేది కదా అది. ఈ తొమ్మిది నెలల్లో ఎవరూ దాన్ని ఒక్క మాట అనలేదని నువ్వు ఒట్టేసి చెప్పినా, ఏదో దానికి తెలిసినట్టే ఉంది.

అక్కడే నేల మీద చతికిలబడ్డా. కొలబద్ద పక్కన పెట్టా. "నీ తప్పు కాదే, వాడి పక్కన కూర్చోవాలనుకున్నావు, అంతేగా. ప్రేమకొద్దీ చేశావు. ఇలా అవుతుందని నీకేం తెలుసు" అన్నాను. రెండుసార్లు అన్నా. రెండోసారి అంటుంటే ఆ మాటలు దానితో అంటున్నానో, ఎవరితో అంటున్నానో నాకే తెలియలేదు.

అది నమ్మిందో లేదో. బయటికి మాత్రం రాలేదు. నేనూ లేవలేదు. నువ్వు పిలిస్తే వచ్చి ఎక్కేసింది. ఎక్కేముందు నా మోచెయ్యి దగ్గర ఒకసారి వాసన చూసింది, అంతే.

మీరు టీ తాగడానికి లోపలికెళ్ళినప్పుడు నేను బండి దగ్గరే ఉన్నానుగా, ఆ జాలీని రెండు చేతులా పట్టి లాగి చూశా. కుడివైపు కింద బోల్టు వదులుగా ఉంది. మేస్త్రి దగ్గర పానా తెచ్చి బిగించా. మా చేతులకి బిగింపు బాగా తెలుసు, ఇక కదలదు. అయినా బండి తీసినప్పుడల్లా ఒకసారి లాగి చూడు. అది ఏడ్చినా విప్పకు. ఎవరు చెప్పినా విప్పకు.

నల్లదాన్ని ఇంక అడగను. నీ దగ్గరే ఉండనీ. అలవాటైన చెయ్యి నీది.

పరుపుకి కవరు రెండు పొరలు వేశా, విప్పి ఉతుక్కోవచ్చు. జిప్పు గోడవైపు వచ్చేలా కుట్టా, నల్లదానికి ఏది కనపడితే అది కొరికే అలవాటు కదా. ఒకవేళ వెతుక్కుని మరీ కొరికితే దాన్ని తిట్టకు. కొలతలు నా దగ్గర ఉన్నాయి, ఇంకోటి కుడతా.

ఉంటాను,
అత్తయ్య