మార్లిస్ అక్క పంపిన ఖాళీ సీసాలు

డిసెంబర్ 2
పార్సిల్ వచ్చింది. పంపింది మార్లిస్ అక్క. లోపల అమ్మ రాస్‌బెర్రీ జామ్ పోసే గాజు సీసాలు, పద్దెనిమిది. అన్నీ ఖాళీ. ఉత్తరం లేదు. చుట్టిన పేపర్లు కూడా విప్పి చూశాను, చీటీ ఏమైనా ఉందేమోనని.

మా మధ్య మాటల్లేక ఎనిమిదేళ్లు. అమ్మ అంత్యక్రియల రోజున చర్చి మెట్ల మీద, పదిమందిలో, “అమ్మ దిక్కులేకుండా పోయిందంటే నీ వల్లే” అన్నాను. అన్నది నేనే. ఇక్కడ కూడా అబద్ధం రాయడం దేనికి?

డిసెంబర్ 3
ఇంట్లో అడ్డమని వదిలించుకుందా? రాజీకి వచ్చిందా? వాల్ట్‌ని అడిగాను. “సీసాలు సీసాలే, వెర్నా. మూత తీస్తే అర్థం బయటికొస్తుందా?” అన్నాడు. ముప్పైరెండేళ్ల కాపురంలో మొగుడు చెప్పే సమాధానాలన్నీ ఇలాంటివే.

డిసెంబర్ 6
ఊరికే చూస్తూ కూర్చోలేక క్రిస్మస్ దీపాలు మొదలుపెట్టాను. సీసాకి బయట గ్లూ పూసి ఎప్సమ్ సాల్ట్‌లో, అదే ఆ చేదు ఉప్పులో, దొర్లిస్తే మంచు పట్టినట్టే ఉంటుంది. లోపల పొట్టి కొవ్వొత్తి, మెడకి ఎర్ర రిబ్బన్. మొదటిది ముద్దలు కట్టింది. రెండోది బాగుంది. నాలుగోది చేస్తుంటే ఏడుపొచ్చింది. కోపమో ఏమో.

డిసెంబర్ 11
ఫోన్ తీశాను. నంబర్ సగం నొక్కి పెట్టేశాను.

డిసెంబర్ 17
వెళ్లాను. మంచులో రెండు గంటలు, వెనక సీట్లో ఆరు దీపాలు.

తలుపు తీసింది అక్క కూతురు కర్స్టెన్. అక్క కుర్చీలో ఉంది. అక్టోబర్‌లో స్ట్రోక్ అట. కుడివైపు పడిపోయింది. మాటల్లో ఒక్కటే మిగిలింది: “వద్దు”. సూప్ తెస్తే వద్దంటుంది, నోరు తెరుస్తుంది.

“ఇల్లు సర్దుతుంటే ఆ సీసాల పెట్టె చూపించి ఒకటే గొడవ, పిన్నీ. ఎవరికని ఒక్కో పేరూ చెప్పుకుంటూ వచ్చా. నీ పేరు దగ్గర ఏడ్చింది. పంపనా అంటే వద్దంది. పంపేశా” అంది కర్స్టెన్.

అంటే పంపమన్నట్టా, వద్దన్నట్టా? అడిగాను. తనకీ తెలీదంది.

ఒక దీపం వెలిగించాను. అక్క ఎడమ చేతి గోటితో ఉప్పు గీకి నాలుక మీద పెట్టుకుంది. చేదు. మొహం చిట్లించింది. నాకు నవ్వొచ్చింది. తనకీ వచ్చిందా? మూతి ఒక పక్కకే వంగుతోంది, చెప్పలేను.

ఆ రోజు మెట్ల మీద అన్న మాట తప్పు, క్షమించమన్నాను. “వద్దు, వద్దు” అంది. క్షమించననా? క్షమాపణ అక్కర్లేదనా? తిరిగొచ్చే దారంతా ఇదే.

డిసెంబర్ 20
రాజీ అయ్యారా అని వాల్ట్ అడిగాడు. తెలీదన్నాను. ఇంత వయసొచ్చి, సొంత అక్క గురించి, తెలీదు.

డిసెంబర్ 24
మళ్లీ వెళ్లాను. మధ్యాహ్నానికే మంచు ముదిరింది. కోటు వేసుకుని “వెళ్లొస్తానక్కా” అన్నాను.

“వద్దు” అంది.

కోటు విప్పేశాను.