గీత దాటిన నీళ్లు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు. అల్లుడిగారికి కూడా.

ఇక్కడ అందరం కులాసా. పోయిన ఉత్తరంలో "పాప తప్ప అందరం కులాసా" అని రాశాను. ఆ అందరిలో నన్ను కూడా కలిపేసుకున్నాను, అది అబద్ధం. ఈసారి నిజం తల్లీ. నీ కూతురికి జ్వరం లేదు, చెవిలో చీము లేదు. పొద్దున్న నా వీపెక్కి కూర్చుని "తాతా, నడు!" అని మడమలతో డొక్కలో పొడిచింది. ఎంత హాయిగా నొప్పి పుట్టిందో! ఆనందం పట్టలేక ఏడ్చేశాను. "దాని ఏడుపు ఆగిందనుకుంటే మీది మొదలైందా?" అంది మీ అమ్మ. కళ్లు వాలిపోతున్నాయి, చెయ్యి సాగడం లేదు. అయినా ఈ ఉత్తరం రాశాకే నడుం వాలుస్తాను.

నువ్వడిగినవి చెబుతాను. తింటోందా అన్నావు. నిన్న రెండు గుడ్లు తిని, మూడోది మీ అమ్మ పళ్లెంలోంచి లాక్కుంది. చెవి బాగా వినిపిస్తోందా అన్నావు. పక్కింటివాళ్లు గుసగుసలాడినా వినిపిస్తోంది, "స్నానానికి రా" అంటే మాత్రం వినపడదు. నువ్వు పడుకుంటున్నావా నాన్నా అన్నావు. అది అడక్కు. నిన్న గడ్డం గీయించుకుంటూ కుర్చీలోనే నిద్రపోయాను. మంగలి లేపలేక తరవాతి మనిషికి స్టూలు మీద కానిచ్చాడట. మీరిద్దరూ కొండల్లో రోడ్డు కొలిచే పని మధ్యలో వదిలి రాలేరని నాకు తెలుసు. రాలేదని బాధపడకు.

ఇంకో ప్రశ్న మిగిలింది. "మూడు రోజుల్లో తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పిందిగా, ఎందుకు తగ్గలేదు?" అన్నావు. ఇక్కడికొచ్చాక కలం ఆగిపోయింది. లేచి మంచినీళ్లు తాగొచ్చాను. ఇక చెబుతాను.

ఆ యాంటీబయాటిక్ సీసాలో పొడిగా ఇస్తారు. కాచి చల్లార్చిన నీళ్లు సీసా మీద గీత దాకా పోసి, కుదిపి, నురగ దిగాక తక్కువైతే మళ్లీ గీత దాకా పోయాలి. మందుల షాపులో అమ్మాయి వేలు పెట్టి మరీ చూపించింది. ఇంటికొచ్చి కలిపితే చిక్కగా కనిపించింది. నలభై ఏళ్లు గోడలకి రంగులేసిన చెయ్యి కదమ్మా ఇది! కొత్త గోడకి తొలి పూత పల్చగా వేస్తేనే ఇంకుతుంది, చిక్కగా వేస్తే పెచ్చులూడిపోతుంది. నాలుగేళ్ల పిల్ల కడుపు కూడా అలాంటిదే అనుకున్నాను. సీసా మెడ దాకా నీళ్లు పోసేశాను.

మీ అమ్మ చూసింది. "ఏమండీ, గీత దాటిపోయింది."

"నలభై ఏళ్లు డబ్బాలు కలిపినోడికి నువ్వు చెబుతున్నావా?"

"అది గోడ కాదు, మనవరాలు."

"అందుకే పల్చగా కలిపా. నువ్వూరుకో."

పాపం, ఊరుకుంది.

సూది లేని సిరంజితో, రోజుకి రెండుసార్లు, వేళ తప్పకుండా, చుక్క తేడా లేకుండా పట్టాను. కొలత సరిగ్గానే ఉంది. కొలిచినదాంట్లో సరిపడా మందు లేదంతే. నాలుగో రోజు పిల్ల చెవి పట్టుకుని కెవ్వుమంది. దిండంతా చీము. ఎత్తుకుని పరిగెత్తాం. డాక్టరమ్మ చెవిలోకి లైటు వేసి చూసి, "ఈ మందుకి లొంగలేదు. ఆసుపత్రిలో చేర్చండి, ఇంకా గట్టి మందు ఇంజెక్షన్లుగా ఇద్దాం" అని చీటీ రాయడం మొదలుపెట్టింది. మీ అమ్మ నా వంక చూసింది. తిట్టినా బాగుండేది.

చెబితే నా పరువు పోతుంది, చెప్పకపోతే పిల్ల చేతికి సూదులు. ఎంతసేపు ఆలోచించానో చెప్పనా? చీటీ మీద మూడు వరసలు రాసేదాకా. అంతసేపు ఆలోచించినందుకే నా మీద నాకు అసహ్యం.

"అమ్మా, ఆగండి. మందులో నీళ్లు ఎక్కువ పోశాను."

"ఎంత ఎక్కువ?"

"మెడ దాకా."

కలం కింద పెట్టింది. "తాతగారూ, మీరు పట్టింది మందు కడిగిన నీళ్లు. క్రిములు చావవు సరికదా, చాలీచాలని మందుకి అవి మొండికేస్తాయి. రేపు నిజంగా అవసరమైతే ఆ మందు పనిచెయ్యకపోవచ్చు." "చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే మందుదే తప్పనుకుని పిల్లని సూదులతో పొడిచేసేదాన్ని" అంది. చీటీ చింపేసింది.

అదే మందు కొత్త సీసా తెప్పించి, తన బల్ల మీదే నా చేత కలిపించింది. సీసాని కంటి ఎత్తుకి తెచ్చి గీత చూడమంది. పట్టే ప్రతిసారీ కుదపమంది. మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క, ఏడు రోజులు. రెండు రోజుల్లో జ్వరం దిగకపోయినా, పిల్ల డీలా పడినా వెంటనే తీసుకురమ్మంది. రెండో రోజుకే దిగింది! ఐదో రోజు మీ అమ్మే, "తగ్గిపోయిందిగా, ఇంకా ఎందుకండీ ఆ చేదు?" అంది. "ఏడంటే ఏడే" అన్నాను. ఆఖరి మోతాదు ఈ పొద్దున పట్టాను. అడుగున మిగిలింది మళ్లీ ఎప్పుడైనా పనికొస్తుందని మీ అమ్మ దాచబోతే, చేతిలోంచి లాక్కుని మందుల షాపులో తిరిగి ఇచ్చేశాను.

నీ బిడ్డని నన్ను నమ్మి వదిలి వెళ్లావు. ఇక ముందు వదలాలో వద్దో నువ్వే తేల్చు. కోపమొస్తే ఎంత కోపంగానైనా రాయి, అల్లుడిగారి చేత కూడా రాయించు. "పర్వాలేదులే నాన్నా" అని మాత్రం రాయకు. పర్వాలేదులే అనుకునే కదా తల్లీ, నేనన్ని నీళ్లు పోశాను.

ఇట్లు,
అలసటలోనూ ఆనందం పట్టలేని
నీ నాన్న