నీ బూట్లకు బొట్టు

అక్కా,

ఈరోజు నీ సంవత్సరీకం. నీకిష్టమని ఫొటో ముందు పుస్తకాలు పెట్టాం. జర్మనీ నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా చదువుకుంటున్నాననే అనేదానివి కదా!

అక్కడ నీతో ఒకే గదిలో ఉన్న స్వప్న మేడ్చల్‌లో మనింటికి వచ్చింది. సంచిలోంచి నీ బూట్లు తీసి ఫొటో పక్కన పెట్టింది. గడప లోపలికి చెప్పులు రానివ్వని అమ్మ నిర్ఘాంతపోయింది.

"పరీక్షలన్నీ పాసయింది ఆంటీ. సెలవు దొరికితే మమ్మల్నందర్ని ఎంబడేసుకొని ఈ బూట్లతోనే గుట్టలెక్కేది. మీరు పరేషాన్ అయితరని చెప్పలే."

ఎంత దొంగదానివక్కా!

"చదువుడు తప్ప ఏ సంబురం సూడకుండ పోయిందని ఏడాదంత ఏడిస్తి గద బిడ్డా," అంది అమ్మ.

నేను బూట్ల మట్టి తుడవబోతే వద్దంది. ఆ మట్టి మీదే పసుపు రాసి, బొట్టు పెట్టింది.