బోరు బండి వచ్చిన రోజు

నాయనా,

కంబదూరు చేనులో నీళ్లు పడ్డాయి. ఈ మాట ముందుగా నీకే చెప్పాలనిపించింది.

నువ్వు పోయాక పూజల్లో తను నిలబడకూడదని అమ్మ బోరు దగ్గరికి రాలేదు. "పడినా పడకున్నా ఫోన్ చెయ్యప్పా, ఈడే కూర్చోనుంటా" అంది.

చవకని నేను ముందురోజే కొత్త కంపెనీ సిమ్ము వేసుకున్నాను. చేనులో దానికి ఒక్క గీత సిగ్నల్ కూడా లేదు. మధ్యాహ్నం దాటినా బోరులోంచి తెల్ల దుమ్మే లేస్తోంది. "ఇంకో రాడ్డు దించల్లా, వద్దా అన్నా?" అని బండివాళ్లు అడుగుతుంటే వదిలి ఊళ్లోకి పోలేను. నా ధ్యాసంతా అమ్మ మీదే. పోయినసారి వేసిన బోరు ఎండిన రోజు నీ ఫోన్ కూడా ఇలాగే పలకలేదు. పురుగుల మందు తాగి గట్టు మీద పడి ఉన్న నిన్ను ముందు చూసింది అమ్మే.

చివరికి బురద చిమ్మింది, వెనకే నీళ్లు. అంతలో ఆ గట్టు మీదే అమ్మ కనిపించింది. చెప్పుల్లేకుండా పరిగెత్తుకొస్తోంది.

"నీళ్లు పడినాయమ్మా!" అని అరిచాను.

అమ్మ నీళ్ల వైపు చూడనే లేదు. నా గడ్డం పట్టుకుని, "ముందు నోరు తెరువప్పా" అని వాసన చూసింది.